పన్నెండు డ్రమ్ముల పొరపాటు: స్పానిష్ క్రియ ‘కెదార్’ నేర్పడంపై ఒక కేస్ స్టడీ

నేను తిరుపతిలో పెద్దవాళ్లకు స్పానిష్ నేర్పుతాను. ఇక్కడ వివరించబోయే కేసు ఒకే విద్యార్థికి, ఒకే క్రియకు సంబంధించినది. ఆ విద్యార్థి వయసు ఇరవై ఏడేళ్లు. చిత్తూరు సమీపంలో తోతాపురి మామిడి నుంచి గుజ్జు తీసి విదేశాలకు పంపే ఒక ఫ్యాక్టరీలో, ఎగుమతి కాగితాలు చూసే విభాగంలో అతడు పనిచేస్తున్నాడు. రోజూ తిరుపతి నుంచి సుమారు 70 కిలోమీటర్లు బస్సులో వెళ్లివస్తూ, వారానికి మూడు సాయంత్రాలు నా తరగతికి వచ్చేవాడు. స్పెయిన్‌లో ఉన్న ఒక కొనుగోలుదారుడి నుంచి మెయిళ్లు స్పానిష్‌లోనే వస్తుండడంతో ఈ భాష నేర్చుకోవడం అతనికి ఉద్యోగరీత్యా అవసరమైంది. అతని అనుమతితోనే ఈ కేసును రాస్తున్నాను. మనిషినీ ఫ్యాక్టరీనీ గుర్తుపట్టగల వివరాలను వదిలేశాను.

స్పానిష్ మాటలను తెలుగు లిపిలో రాసే పద్ధతి గురించి ముందుగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ క్రియ విషయంలో అది అర్థానికే సంబంధించినది. స్పానిష్‌లో ఊనిక పడిన, అంటే నొక్కి పలికే, అచ్చును దీర్ఘంగానూ, మిగతావాటిని హ్రస్వంగానూ రాయమని నా విద్యార్థులకు చెబుతాను. ఆ ప్రకారం ఈ క్రియ మూలరూపం ‘కెదార్’. ఊనిక రెండో అక్షరం మీద ఉంది. ఈ విద్యార్థి మొదట్లో దాన్ని కేదార్‌నాథ్‌లోని ‘కేదార్’లా పలికేవాడు. ‘కేదొ’ అంటే ‘నేను ఉంటాను’ అని, ‘కెదో’ అంటే ‘అతడు లేదా అది ఉండిపోయింది’ అని అర్థం. స్పానిష్ రాతలో ఆ రెండింటికీ మధ్య తేడా చివరి అచ్చు మీద ఒక చిన్న గీత మాత్రమే. మన లిపిలో ఆ తేడా గుడింతంలోనే కనబడుతుంది కాబట్టి దాన్ని వాడుకోకపోవడం తెలివితక్కువతనమని నా అభిప్రాయం.

పొరపాటు జరిగిన తీరు

అతడు నా దగ్గర చేరి అయిదు నెలలైంది. వర్తమాన, భూతకాల రూపాలు బాగానే వచ్చాయి. ‘మె గూస్తన్ లొస్ మాంగొస్’ అంటే ‘నాకు మామిడిపండ్లు నచ్చుతాయి’ అని తడుముకోకుండా చెప్పగలిగేవాడు. ఆ దశలో కొనుగోలుదారుడి నుంచి ఒక చిన్న మెయిల్ వచ్చింది. అందులోని నాలుగు వాక్యాల్లోనూ ఇదే క్రియ ఉంది. మొదటిది, ‘నొస్ కేదన్ దోథె బిదోనెస్ దె ల కంపాన్య అంతెరియోర్’. రెండోది, ‘నొస్ కెదామొస్ కొన్ లస్ మ్వేస్త్రస్’. మూడోది, ‘కోమొ కెదామొస్, ఎల్ పాగొ సెరా అ త్రేయింత దీయస్’. చివరిది, ‘కేదొ అ ల ఎస్పేర దె సు రెస్ప్వేస్త’.

వీటి అర్థాలు వరుసగా ఇవి: ‘గత సీజను సరుకులో మా దగ్గర పన్నెండు డ్రమ్ములు మిగిలి ఉన్నాయి. శాంపిళ్లను మేమే ఉంచుకుంటాం. అనుకున్నట్టుగా చెల్లింపు ముప్పై రోజులకు ఉంటుంది. తమ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.’ ‘కంపాన్య’ అంటే పంట సీజను; వ్యవసాయ వ్యాపారంలో స్పెయిన్‌వాళ్లు సాధారణంగా వాడే మాట.

నా విద్యార్థి నిఘంటువులో ‘కెదార్సె కొన్’ అంటే ‘తనవద్ద ఉంచుకోవడం, తీసుకోవడం’ అన్న అర్థం చూసి, మొదటి వాక్యంలోనూ రెండో వాక్యంలోనూ ‘నొస్’ ఉంది కదా అని రెంటికీ అదే అర్థం వర్తింపజేశాడు. ‘పన్నెండు డ్రమ్ములు మేము తీసుకుంటాం’ అని చదువుకుని, ఆర్డరు వచ్చిందని పైఅధికారికి చెప్పాడు. ఒక్కో డ్రమ్ములో సుమారు 215 కిలోల గుజ్జు పడుతుంది. పన్నెండు డ్రమ్ములు అంటే రెండున్నర టన్నులకు పైమాటే. గోదాములో వాటిని విడిగా పెట్టించి, చీటీలు కూడా అంటించారు. వారం తరువాత, ‘వాళ్ల దగ్గర పాత సరుకు అయిపోయాకే కదా కొత్తది పంపాలి, మరి ఇదేమిటి’ అని లోపలే ఎవరో అడిగితే అసలు సంగతి బయటపడింది. డబ్బు నష్టమేమీ జరగలేదు. కానీ అతడు ఆ సాయంత్రం తరగతికి వచ్చి, పుస్తకం తెరవకుండానే, ‘మేడమ్, ఈ ఒక్క మాటకు ఎన్ని అర్థాలుండాయో అన్నీ రాసియ్యండి, బట్టీ పట్టేస్తా’ అన్నాడు.

నా మొదటి ప్రయత్నం, దాని వైఫల్యం

అతడు అడిగినట్టే చేశాను. అది నా తప్పు. ఉండిపోవడం, మిగలడం, ఒక చోట ఉండడం, కలుసుకోవాలని అనుకోవడం, ఒప్పుకోవడం, నప్పడం, ఉంచుకోవడం, ఒక స్థితికి చేరడం, మంచి లేదా చెడ్డ అనిపించుకోవడం అంటూ తొమ్మిది అర్థాలను బోర్డు మీద రాసి, ఒక్కొక్కదానికి రెండేసి ఉదాహరణలు ఇచ్చాను. రెండు వారాల్లో అతడు జాబితా మొత్తం అప్పజెప్పాడు. ఆ తరువాత ‘నా దగ్గర వెయ్యి రూపాయలు మిగిలాయి’ అన్న వాక్యాన్ని స్పానిష్‌లో చెప్పమంటే ‘యొ కేదొ మిల్ రూపియస్’ అన్నాడు. దానికి ఏమైనా అర్థం ఉందంటే, ‘నేను వెయ్యి రూపాయలుగా ఉంటాను’ అన్నట్టు వినబడుతుంది. సరైన వాక్యం ‘మె కేదన్ మిల్ రూపియస్’.

ఎందుకలా చెప్పావని అడిగితే అతడిచ్చిన జవాబే ఈ కేసుకు అసలు ఆధారం. ‘ఐ హ్యావ్ థౌజండ్ రుపీస్ లెఫ్ట్ అని కదా మేడమ్, ఐ అంటే యొ’ అన్నాడు. తెలుగు వాక్యం ఇస్తే, దాన్ని మనసులో ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషు వాక్యంలోని కర్తను పట్టుకుని స్పానిష్‌లోకి వచ్చాడు. ఇంగ్లీషులో అక్కడ కర్త ‘నేను’. స్పానిష్‌లో కర్త రూపాయలు. తెలుగులోనూ కర్త రూపాయలే: ‘నాకు వెయ్యి రూపాయలు మిగిలాయి’. ‘మిగిలాను’ అని ఏ తెలుగువాడూ అనడు. సొంత భాషలో సరిగ్గా ఉన్న నిర్మాణాన్ని వదిలి, చుట్టుదారిన వెళ్లి, దారిలో కర్తను పోగొట్టుకున్నాడు.

మన దగ్గర స్పానిష్ పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు దాదాపు అన్నీ ఇంగ్లీషు మీదుగానే అందుతాయి కాబట్టి ఇందులో అతని తప్పు తక్కువ. నేను కూడా ఆ దారిలోనే నేర్చుకున్నాను. తొమ్మిది అర్థాల జాబితా కూడా, తెలుగులో రాసినా, ఇంగ్లీషు నిఘంటువులోని విభజననే తెచ్చింది.

చికిత్స: కర్తను వెతకడం

మూడో వారం నుంచి జాబితాను పక్కన పెట్టి మెయిల్‌లోని మొదటి రెండు వాక్యాలకే తిరిగి వచ్చాం. ‘నొస్ కేదన్’, ‘నొస్ కెదామొస్’ అన్నవాటిలో ‘నొస్’ అన్న మాట ఒకటే అయినా, అది చేసే పని వేరు. మొదటిదానిలో అది ‘మాకు’, చతుర్థీ విభక్తి. రెండోదానిలో అది ‘మాకోసం మేము’ అన్న ఆత్మార్థకం. తెలుగులో ‘ఉంచుకొను’ అన్నప్పటి ‘కొను’ చేసే పనికి దగ్గరగా ఉంటుంది. స్పానిష్‌లో ఉత్తమ, మధ్యమ పురుషల్లో ఈ రెండింటికీ రూపం ఒక్కటే కావడంతో చూడగానే తేడా తెలియదు. కానీ ప్రథమ పురుషలో రూపాలు విడిపోతాయి: ‘అతనికి’ అన్నదానికి ‘లె’, ఆత్మార్థకానికి ‘సె’.

అందువల్ల అతనికి ఒక చిన్న పరీక్ష నేర్పాను. సందేహం వచ్చినప్పుడు ‘మేము’ స్థానంలో ‘కంపెనీ’ పెట్టి వాక్యాన్ని తిరగరాయాలి. ‘అ ల ఎంప్రేస లె కేదన్ దోథె బిదోనెస్’ అంటే ‘కంపెనీకి పన్నెండు డ్రమ్ములు మిగిలాయి’. ‘ల ఎంప్రేస సె కేద కొన్ లస్ మ్వేస్త్రస్’ అంటే ‘కంపెనీ శాంపిళ్లను ఉంచుకుంటుంది’. ఇలా రాయగానే ఒకదానిలో ‘లె’, ఇంకొకదానిలో ‘సె’ వచ్చి, దాగి ఉన్న తేడా కాగితం మీదికి వస్తుంది. క్రియ చివర కూడా అదే చెబుతుంది. ‘కేదన్’ బహువచనంలో ఉంది, ఎందుకంటే డ్రమ్ములు పన్నెండు. ఒక్కటే మిగిలితే ‘నొస్ కేద ఉన్ బిదోన్’ అవుతుంది. తెలుగులో ‘మిగిలాయి’, ‘మిగిలింది’ అన్న తేడా అచ్చంగా ఇదే. ‘కెదామొస్’లో మాత్రం కర్త ‘మేము’, ‘ఉంచుకున్నాం’లోని ‘-ఆం’ లాగా.

ఈ పరీక్ష అర్థమయ్యాక అతని ముఖంలో కనబడిన వెలుగును నేను మరచిపోలేను. ‘గూస్తన్‌లో కూడా ఇదే కదా మేడమ్, నచ్చాయి, మిగిలాయి’ అన్నాడు. అయిదు నెలల క్రితమే ఆ చట్రం అతనికి వచ్చు. అది ‘ఇష్టం’ అన్న ఒక్క అర్థానికే చెందినదని అనుకుని, వేరే క్రియకు వాడలేదు. ఆనాడు ఆ మాట చెప్పకపోవడం నా లోపం.

ఆ తరువాతి మూడు వారాలూ ప్రతి వాక్యానికి మూడు సంగతులు చూశాం: క్రియ ఎవరితో ఏకీభవిస్తోంది, ‘సె’ ఉందా లేదా, క్రియ తరువాత ఏ ప్రత్యయం లేదా ఏ పదం వస్తోంది. అర్థం గురించి ముందుగా అడగడం నిషేధించాను. ‘కొన్’ అంటే ‘తో’. ‘సె’ లేకుండా ‘కొన్’ వస్తే ఫలానా వ్యక్తితో కలవాలని అనుకోవడం, ‘సె’తో కలిసి ‘కొన్’ వస్తే ఉంచుకోవడం. ‘ఎన్’ వస్తే ఒక నిర్ణయానికి రావడం. ఇక్కడ తెలుగు ఎంతగా కలిసివచ్చిందంటే, ‘కోమొ కెదామొస్’ అన్నదానికి ‘అనుకున్నట్టుగా’ కంటే మంచి అనువాదం ఏ భాషలోనూ ఉంటుందని నేననుకోను. స్పానిష్‌వాళ్లు చర్చ తెగకుండా సాగుతున్నప్పుడు ‘ఎన్ కే కెదామొస్?’ అంటారు, మనం ‘చివరికి ఏం తేల్చినట్టు?’ అంటాం. అయితే ‘కెదామొస్’ అన్న రూపం వర్తమానానికీ భూతకాలానికీ ఒకటే అన్న చిక్కు ఉంది. ఒప్పుకుంటున్నారా, ఇదివరకే ఒప్పుకున్నారా అన్నది చుట్టూ ఉన్న మాటలను బట్టే తెలుసుకోవాలి. చెల్లింపుల గురించిన మెయిల్‌లో ఇది చిన్న విషయం కాదు.

కొన్ని వాడుకలు దాదాపు శ్రమ లేకుండానే వచ్చాయి. ‘ఎస్తె కొలోర్ తె కేద బియేన్’ అంటే ‘ఈ రంగు నీకు నప్పింది’. ‘తె’ అంటే ‘నీకు’, కర్త రంగు. ‘తిరుపతి కేద అ సెతేంత కిలోమెత్రొస్ దె చిత్తూర్’ అని బస్సులో కూర్చుని తానే ఒక వాక్యం తయారుచేసుకుని వచ్చాడు. ఈ వాడుక కదలని ఊళ్లకూ కట్టడాలకే చెల్లుతుందని, ‘తాళంచెవి ఎక్కడుంది’ అనడానికి ‘ఎస్తార్’ అన్న వేరే క్రియ వాడాలని చెబితే సరిపోయింది. అన్నింటికంటే నన్ను ఆశ్చర్యపరచినది ‘కేద’ తరువాత భూతకాల విశేషణం వచ్చే అధికారిక వాడుక. స్పెయిన్‌లో నోటీసు బోర్డుల మీద ‘కేద ప్రొయిబీదొ ఫుమార్’ అని ఉంటుంది. దాన్ని చూపించి అర్థం చెప్పబోయేలోపే అతడు, ‘పొగ త్రాగుట నిషేధించడమైనది’ అన్నాడు. మన ప్రభుత్వ ప్రకటనల్లోని ‘-డమైనది’ అన్న ఆ గంభీరమైన తోకకు స్పానిష్‌లో ఇంత చక్కని జోడు ఉందని, ఇన్నేళ్లు నేర్పుతూ కూడా, నాకు అప్పటిదాకా తట్టలేదు. ‘కేద కన్థెలాదొ ఎల్ పెదీదొ’ అంటే ‘ఆర్డరు రద్దు చేయడమైనది’. ఉత్తరం చివర ‘కేదొ అ ల ఎస్పేర’ అనడం కూడా ఆ మర్యాదల కోవకే చెందుతుంది; పాత తెలుగు ఉత్తరాల్లో ‘తమ ప్రత్యుత్తరమునకై నిరీక్షించుచు’ అని ముగించే అలవాటు తెలిసినవారికి దాన్ని వివరించనక్కరలేదు.

పన్నెండును స్పెయిన్‌లో అధికభాగం ‘దోథె’ అంటారనీ, లాటిన్ అమెరికాలో ‘దోసె’ అంటారనీ చెప్పిన రోజున మాత్రం పాఠం ఓ పది నిమిషాలు టిఫిను మీదికి మళ్లింది.

తెలుగు తెచ్చిన కొత్త తప్పు

తెలుగు మీదుగా వెళ్లడం వల్ల లాభమే జరిగిందని రాసి ముగిస్తే ఈ కేసును సగమే చెప్పినట్టవుతుంది. ఏడో వారంలో అతడు ప్రతిచోటా ‘సె’ తగిలించడం మొదలుపెట్టాడు. ‘ఇంకా మూడు రోజులున్నాయి’ అనడానికి ‘కేదన్ త్రేస్ దీయస్’ అంటే చాలు. అతడు ‘సె కేదన్ త్రేస్ దీయస్’ అన్నాడు. కారణం వెతికితే అది ‘పోవు’ దగ్గర తేలింది. ‘సె కెదో కయ్యాదొ’ అంటే ‘మౌనంగా ఉండిపోయాడు’ అని, ‘సె కెదో దొర్మీదొ’ అంటే ‘నిద్రపోయాడు’ అని, ‘సె కెదో సిన్ త్రబాహొ’ అంటే ‘పని లేకుండా అయిపోయాడు’ అని నేను వరుసగా చెప్పిన ఉదాహరణల్లో ‘సె’కు ఎదురుగా ప్రతిసారీ ‘పోవు’ వచ్చింది. దాంతో తెలుగులో ‘పోవు’ వినబడితే స్పానిష్‌లో ‘సె’ పెట్టాలన్న సూత్రం అతనంతట అతడే చేసుకున్నాడు. ‘మూడు రోజులు మిగిలిపోయాయి’ అనుకున్నాడు, ‘సె’ పెట్టాడు.

ఈ తప్పును సరిదిద్దుతూ ‘మిగిలింది’కీ ‘మిగిలిపోయింది’కీ ఉన్న తేడాను ఇద్దరం పట్టుకున్నాం. పెళ్లిలో అన్నం మిగిలిపోయిందంటే వండింది అవసరానికి మించిందని. స్పానిష్‌లో ఆ అర్థానికి క్రియే వేరు: ‘సొబ్రార్’. ‘కేద అర్రోథ్’ అంటే వచ్చేవాళ్లకు పెట్టడానికి ఇంకా అన్నం ఉందని. ‘సోబ్ర అర్రోథ్’ అంటే అవసరానికి మించి ఉందని. ఈ తేడా వ్యాపారంలో మరీ ముఖ్యం. ఆ కొనుగోలుదారుడు ‘నొస్ కేదన్’ అన్నాడు కాబట్టి, పన్నెండు డ్రమ్ములు ఇంకా నిల్వ ఉన్నాయని తెలియజేశాడు. ‘నొస్ సోబ్రన్’ అని ఉంటే, మీ సరుకు మాకు ఎక్కువైపోయిందని ఫిర్యాదు చేసినట్టయ్యేది. మన ‘మిగులు’ ఈ రెంటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, తేడా చూపించే పనిని ‘పోవు’కు అప్పగిస్తుంది. కాబట్టి ‘మిగిలిపోయింది’కి స్పానిష్ వెతికేటప్పుడు ‘సె’ వైపు పోకుండా ‘సొబ్రార్’ వైపు చూడమన్నాను. ఆ సవరణ వెంటనే పట్టుబడింది.

‘కొను’ విషయంలోనూ ఇలాంటి హద్దు ఉంది. ‘కెదార్ బియేన్’ అంటే ‘మంచి అనిపించుకోవడం’, ‘కెదార్ మాల్’ అంటే దానికి వ్యతిరేకం. తెలుగులో ‘కొను’ ఉంది, స్పానిష్‌లో ‘సె’ లేదు. దీనికి నా దగ్గర సూత్రమేమీ లేదు. ఆ రెంటినీ మాటలుగానే గుర్తుపెట్టుకొమ్మన్నాను.

ఈ అర్థాలన్నిటికీ ఒకే మూలం ఉందా అని అతడు చివరి వారంలో అడిగాడు. ‘కెదార్’ లాటిన్‌లోని ‘క్వియేతారె’ నుంచి వచ్చింది. దాని అర్థం శాంతపరచడం, నెమ్మదింపజేయడం. కదలిక ఆగిన తరువాత ఏది ఎక్కడ ఉందో, ఎంత ఉందో, ఎలా ఉందో, ఏం తేలిందో చెప్పే మాటగా దాన్ని ఊహించుకుంటే చాలా వాడుకలు ఒక తాటి మీదికి వస్తాయి. ఇది మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేదని అతడన్నాడు. నాకు అలా అనిపించదు. నలభై వాక్యాలు చూశాక ఆ మూలం వాటిని కలుపుతుంది. వాక్యాలేవీ తెలియకముందు చెబితే జాబితాలో పదో అర్థంగా చేరి ఉండేది.

ప్రస్తుత స్థితి

ఎనిమిది వారాల తరువాత ఆ మెయిల్‌నే అతని ముందు మళ్లీ పెట్టాను. నాలుగు వాక్యాలూ సరిగ్గా చెప్పడంతో పాటు, నేను అడగకుండానే ‘నొస్’ రెండు చోట్లా ఎందుకు ఒకటి కాదో వివరించాడు. సొంతంగా రాయడంలో మాత్రం ఇంకా తడబాటు ఉంది. వేగంగా రాసేటప్పుడు ‘నొస్ కేద దోథె’ అని క్రియను ఏకవచనంలో పెట్టేస్తున్నాడు. అర్థం చెడదు, వ్యాకరణం చెడుతుంది. పంపే ముందు క్రియనూ సంఖ్యనూ వేలితో చూపించి సరిపోల్చుకునే అలవాటు చేయిస్తున్నాను.

పోయిన నెలలో మెక్సికో నుంచి సరుకు గురించి ఒక విచారణ వచ్చింది. అందులో ‘కెదామొస్ దె ఎన్వియార్’ అని ఉండడం చూసి, ‘ఎన్ రాయాల్సిన చోట దె రాసినాడు మేడమ్, ఆయనకూ రాదేమో’ అని నవ్వుతూ ఫోన్ చేశాడు. స్పెయిన్‌లో ‘కెదార్ ఎన్’ అనే చోట అమెరికా ఖండంలోని చాలా దేశాల్లో ‘కెదార్ దె’ అంటారని, అది తప్పు కాదని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘అయితే పంపుతామని వాళ్లు అనుకున్నారు, అంతే గదా’ అన్నాడు. అంతేనన్నాను.